దాటించిన ప్రతిసారీ పొర్లుతున్న ఆడగుర్రం: గర్భకోశ వాపు అంటున్నారు, దారి చెప్పండి

చేవెళ్ల గుర్రాలశాల | జనవరి 8, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. మా దగ్గర ముత్యం అనే మార్వాడీ ఆడగుర్రం ఉంది. పళ్లు చూసినవాళ్లు పదమూడు, పద్నాలుగేళ్లు ఉంటాయన్నారు. నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాతరలో కొన్నాను. ఇదివరకు ఈనిందని అమ్మినవాళ్లు చెప్పారు, అంతకు మించి దాని చరిత్ర తెలియదు. తిండి బాగా తింటుంది, నడక బాగుంది, ఒంట్లో ఏ జబ్బూ కనిపించదు. కాని పోయిన సీజన్ అంతా మగగుర్రంతో దాటించినా చూడి కట్టలేదు, పొర్లుతోంది, అంటే మళ్లీ మళ్లీ ఎదకు వస్తోంది. మూడు వారాలకు రావాల్సిన ఎద ఒక్కోసారి రెండు వారాలకే వచ్చేస్తోంది.

స్కానింగ్ చేసిన డాక్టర్ గర్భకోశంలో నీరు ఉందని చెప్పి యాంటీబయాటిక్ లోపలికి పోశారు. తరవాత మరో మందు, ఆ తరవాత ఇంకో మందు. పోసినప్పుడు నీరు తగ్గుతుంది, మళ్లీ దాటించగానే మొదటికి వస్తుంది. బయటికి చీము కాని దుర్వాసన కాని లేవు. ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఇప్పిస్తే చూడి నిలుస్తుందని ఒకరు, అమ్మేసి చిన్న వయసు గుర్రాన్ని కొనుక్కోమని మరొకరు సలహా ఇస్తున్నారు. అమ్మే ఉద్దేశం నాకు లేదు. దాని కడుపున ఒక పిల్లను చూడాలని ఉంది. ఈ అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

నిర్మల్ మార్వాడీ | జనవరి 8, రాత్రి 10:02

జాతరలో కొన్న గుర్రాలతో ఇదే చిక్కు. నాలుగు కాళ్లు, సుడులు, చెవులు చూసి కొంటాం. వెనక భాగం చూసేవాళ్లు తక్కువ. తోక ఎత్తి మానం (యోని బయటి పెదవులు) ఎలా ఉందో ఫోటో తీసి పెట్టండి. దాటించిన మగగుర్రం సంగతి కూడా చెప్పండి. దాని దగ్గరికి వెళ్లిన మిగతా ఆడగుర్రాలు చూడి కట్టాయా? నింద ఎప్పుడూ ఆడదాని మీదే పడుతుంది. ఎండలకు మగగుర్రం వీర్యం పాడైనా ఇదే జరుగుతుంది.

అశ్వవైద్యురాలు | జనవరి 9, ఉదయం 6:40

ఎద రెండు వారాలకే తిరిగి రావడాన్ని మీరు గమనించడం చాలా మంచిదైంది. రోగనిర్ధారణకు సగం దారి అక్కడే ఉంది. ఆడగుర్రం ఎద చక్రం మామూలుగా 21, 22 రోజులు. గర్భకోశం లోపలి పొర వాచి ఉంటే అక్కడి నుంచి ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోన్ వేళ కాని వేళ విడుదలై అండాశయం మీది కార్పస్ లుటియాన్ని కరిగించేస్తుంది. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ తయారయ్యేది అందులోనే. అది కరిగిపోతే పిండం ఏర్పడినా నిలవదు, గుర్రం తొందరగా ఎదకు వస్తుంది.

దాటించాక ప్రతి ఆడగుర్రం గర్భకోశమూ వాస్తుంది. అది జబ్బు కాదు. ఆవు, గేదె సహజంగా దాటినప్పుడు వీర్యం యోనిలో పడుతుంది. గుర్రంలో నేరుగా గర్భకోశంలోకే చిమ్ముతుంది. దానితో పాటు మురికి, సూక్ష్మజీవులు కూడా చేరతాయి. వీర్యకణాలు కూడా ఆ శరీరానికి పరాయివే. అరగంటలోనే తెల్ల రక్తకణాలు అక్కడికి రావడం మొదలవుతుంది. అవి తమ పని చేస్తుండగా గర్భకోశం ముడుచుకుంటూ ఆ ద్రవాన్ని బయటికి నెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి ఒకటి రెండు రోజుల్లో లోపల శుభ్రపడుతుంది. పిండం అండవాహిక నుంచి గర్భకోశంలోకి దిగేది అండం విడుదలైన ఐదున్నర, ఆరు రోజులకు. అప్పటికి అక్కడ నీరు కాని వాపు కాని ఉండకూడదు.

కొన్ని గుర్రాలకు ఈ శక్తి ఉండదు. వయసు మీరిన, ఎక్కువ ఈతలు ఈనిన గుర్రాల్లో గర్భకోశం పొట్టలోకి జారి, కటి ఎముక కన్నా పల్లానికి వేలాడుతుంది. ద్రవం ఎత్తు ఎక్కి బయటికి రావాలి, రాలేదు. ఒక్కసారి కూడా ఈనకుండా వయసు మళ్లిన గుర్రాల్లో ఎద సమయంలో కూడా గర్భకోశ ముఖద్వారం సరిగా తెరుచుకోదు. ఎలాగైనా నీరు నిలుస్తుంది, నిలిచిన నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. యాంటీబయాటిక్ సూక్ష్మజీవిని చంపుతుంది కాని, ద్రవాన్ని బయటికి పంపలేని కండరానికి బలం ఇవ్వదు. మందు పోసినప్పుడు బాగుండి, దాటించగానే మొదటికి రావడానికి కారణం అదే కావచ్చు.

ప్రొజెస్టిరాన్ ఇప్పుడు ఇప్పించవద్దు. అది ముఖద్వారాన్ని మూసేస్తుంది, గర్భకోశానికి ఉన్న రోగనిరోధక శక్తినీ తగ్గిస్తుంది. లోపల నీరు, సూక్ష్మజీవులు ఉండగా తలుపు వేసినట్టవుతుంది.

మూడు విషయాలు తెలియాలి. నీరు దాటించక ముందు కూడా ఉందా, దాటించాకే వస్తోందా? ఇప్పటిదాకా స్వాబ్ తీసి (దూది పుల్లతో లోపలి నమూనా తీసి) కల్చర్, అంటే ఏ సూక్ష్మజీవి మొలుస్తుందో చూసే పరీక్ష, చేయించారా? పరుగెత్తేటప్పుడు వెనక నుంచి గాలి చప్పుడు వస్తుందా?

పల్లెబాట పశువైద్యం | జనవరి 9, మధ్యాహ్నం 1:20

డాక్టర్ గారికి నమస్కారం. నేను మండల స్థాయిలో ఎక్కువగా గేదెలనే చూస్తాను. పొర్లే గేదెకు ఎదలో గర్భకోశం లోపలికి మందు పోస్తే చాలావాటికి ఫలితం ఉంటుంది. అయోడిన్ ద్రావణం కూడా వాడతాం. మా ప్రాంతంలో ఇప్పుడు పెళ్లి బరాత్ గుర్రాలు, సవారీ గుర్రాలు పెరిగాయి, నన్నే పిలుస్తున్నారు. గుర్రం విషయంలో ఏది మానుకోవాలో స్పష్టంగా చెబితే నాలాంటివాళ్లకు మేలు.

అశ్వవైద్యురాలు | జనవరి 9, రాత్రి 8:05

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు కృతజ్ఞతలు డాక్టర్ గారూ. గుర్రం గర్భకోశపు పొర చాలా సున్నితం. ఘాటైన అయోడిన్ పోస్తే పొర కాలి పుండు పడుతుంది, మానే క్రమంలో లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అతుకు ముఖద్వారం దగ్గర పడితే ఆ గుర్రం సంతానం సంగతి అంతటితో ముగిసినట్టే. ఎన్రోఫ్లాక్సాసిన్ ఇంజక్షన్ మందును కూడా గర్భకోశంలో పోయకూడదు. రక్తస్రావం, పుళ్లు, మచ్చలు వస్తాయని పరీక్షల్లో తేలింది. కల్చర్ లేకుండా ఒకదాని తరవాత ఒకటి యాంటీబయాటిక్‌లు పోస్తే బ్యాక్టీరియా పోయి, ఆ చోట కాండిడా, ఆస్పర్‌జిల్లస్ వంటి శిలీంధ్రాలు చేరతాయి. వాటిని వదిలించడం బ్యాక్టీరియాను వదిలించడం కన్నా ఎన్నో రెట్లు కష్టం.

ఎద మొదటి రోజుల్లో, ముఖద్వారం తెరుచుకుని ఉండగా, రెండు పొరల గొట్టంలో దాచిన స్వాబ్‌తో నమూనా తీయాలి. అలా కాకుండా మామూలు స్వాబ్ పంపితే యోనిలో ఉన్న సూక్ష్మజీవులే మొలుస్తాయి, వాటికి మందు వాడుతూ కూర్చుంటాం. కల్చర్‌తో పాటు అదే నమూనాను గాజు పలక మీద రుద్ది, రంగు వేసి సూక్ష్మదర్శినిలో తెల్ల రక్తకణాలు ఉన్నాయో లేదో చూడాలి. కల్చర్‌లో బ్యాక్టీరియా మొలిచి, పలక మీద తెల్ల కణాలు లేకపోతే అది బయటి నుంచి అంటినదే కావచ్చు. స్ట్రెప్టోకాకస్ అయితే సాధారణంగా నీరు, తెల్ల కణాలు రెండూ ఎక్కువగా కనిపిస్తాయి. ఇ.కోలి అయితే స్కానింగ్‌లో నీరు కనిపించకపోయినా లోపల ఉండవచ్చు.

చేవెళ్ల గుర్రాలశాల | జనవరి 10, ఉదయం 7:30

ఫోటో పెట్టాను. గాలి చప్పుడు వస్తుంది డాక్టర్ గారూ. ట్రాట్‌లో స్పష్టంగా వినిపిస్తుంది. మలద్వారం లోపలికి పోయినట్టుంది, మానం పై భాగం దాని వైపు వాలి ఉంది. కల్చర్ చేయించలేదు. దాటించక ముందు స్కానింగ్‌లో కొద్దిగా నీరు, దాటించిన మర్నాడు చాలా ఎక్కువ. మగగుర్రానికి సంబంధించి నిర్మల్ గారి ప్రశ్నకు జవాబు: అదే సీజన్‌లో దాని దగ్గరికి వెళ్లిన మరో రెండు ఆడగుర్రాలు చూడితో ఉన్నాయి.

అశ్వవైద్యురాలు | జనవరి 10, ఉదయం 9:10

ఫోటో చూశాను. మానం నిలువుగా ఉండాలి. దాని పొడవులో ఎక్కువ భాగం కటి ఎముక మట్టం కన్నా కింద ఉండాలి. ముత్యానికి సగం ఆ మట్టానికి పైన ఉంది, అదీ వాలుగా. పేడ నేరుగా దాని మీదే పడుతుంది. మీ డాక్టర్ వచ్చినప్పుడు గుర్రాన్ని కదలకుండా పట్టుకుని, మానం పెదవుల మీద రెండు అరచేతులు ఆన్చి మెల్లగా విడదీసి చూడమనండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వస్తే యోని లోపలి కవాటం కూడా మూసుకోవడం లేదన్నమాట. గాలితో పాటు దుమ్ము, పేడ రోజంతా లోపలికి వెళుతున్నాయి. లోపల ఎంత మందు పోసినా ఈ దారి తెరిచి ఉన్నంతకాలం ప్రయోజనం ఉండదు.

దీనికి కాస్లిక్ ఆపరేషన్ ఉంది. అమెరికన్ పశువైద్యుడు కాస్లిక్ 1937లో వివరించిన పద్ధతి, నేటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. మత్తు ఇంజక్షన్ ఇచ్చి, మానం పెదవుల అంచుల మీద సన్నటి పట్టీలాగా పొరను తీసి, పై నుంచి కటి ఎముక మట్టం వరకు రెండు అంచులను కలిపి కుడతారు. మూత్రం పోవడానికి కింద చోటు ఉంటుంది. పది, పద్నాలుగు రోజుల్లో అతుక్కున్నాక కుట్లు తీస్తారు.

వరస ముఖ్యం. ముందు స్వాబ్, లోపల శుభ్రం, తరవాత కుట్టు.

స్టడ్‌ఫారం పాతకాపు | జనవరి 10, సాయంత్రం 5:45

బాబూ, కర్ణాటకలో ఒక థరోబ్రెడ్ (పందెపు గుర్రాల జాతి) ఫారంలో దాటింపుల పని చూసి రిటైర్ అయినవాణ్ని. థరోబ్రెడ్‌లకు కృత్రిమ గర్భధారణకు అనుమతి లేదు, ఏ దేశంలో అయినా సహజంగా దాటిస్తేనే పిల్లలు స్టడ్ బుక్‌లో, అంటే జాతి వంశావళి పుస్తకంలో, ఎక్కుతాయి. అందువల్ల ఇలాంటి గుర్రాలను మేము ఎంతో జాగ్రత్తగా చూసుకునేవాళ్లం.

పాత అలవాటు ఏమిటంటే ఎద ఉన్నన్ని రోజులూ రోజు విడిచి రోజు దాటించడం. నీరు నిలిచే గుర్రానికి అది నష్టం. దాటించిన ప్రతిసారీ వాపు కొత్తగా మొదలవుతుంది. ఒక ఎదకు ఒకే దాటింపు, అది కూడా అండం విడుదలకు దగ్గరగా. రోజూ స్కాన్ చేసి ఫాలికిల్ (అండం పెరిగే తిత్తి) 35 మిల్లీమీటర్లు దాటాక హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇంజక్షన్ ఇస్తే రెండు రోజుల లోపు అండం విడుదలవుతుంది, దాటింపు వేళను ఆ లెక్కన పెట్టుకుంటాం. తోకకు శుభ్రమైన బ్యాండేజీ చుట్టి, మానం చుట్టూ మంచినీళ్లతో కడిగి తుడిచి ఆరనివ్వాలి. మగగుర్రాన్ని సబ్బుతో, మందునీళ్లతో పదే పదే కడగవద్దు. చర్మం మీద మేలు చేసే జీవులు పోయి, సూడోమోనాస్ లాంటి మొండి జీవి చేరుతుంది. మంచినీళ్లు చాలు.

దాటించిన నాలుగైదు గంటల తరవాత స్కాన్ చేయాలి. అప్పటికి అవసరమైన వీర్యకణాలు అండవాహికలోకి చేరిపోతాయి కాబట్టి కడిగినా నష్టం లేదు. నీరు ఉంటే డాక్టర్ లావు గొట్టం పెట్టి, ఒంటి వేడికి తెచ్చిన సెలైన్ లీటరు లోపలికి పంపి, సంచీని కిందికి దించుతారు. వెనక్కి వచ్చిన నీటిని పారదర్శకమైన సీసాలో పట్టి వెలుతురుకు ఎత్తి చూసేవాళ్లం. మొదటి లీటరు మసకగా, చిన్న చిన్న తెల్లటి తునకలతో వస్తుంది. రెండో లీటరులో తునకలు తగ్గుతాయి. సీసా అవతల వేళ్లు స్పష్టంగా కనిపించేదాకా కడగాలి. పోసినంత నీరు తిరిగి వచ్చిందో లేదో లెక్క చూడాలి. తరవాత గర్భకోశం ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇచ్చి గుర్రాన్ని నడిపించాలి. శాలలో కట్టేసి ఉంచితే నీరు దిగదు. పచ్చికలో వదలండి, అది తిరిగే కొద్దీ గర్భకోశంలోని నీరు దిగిపోతుంది.

కర్నూలు రౌతు | జనవరి 11, రాత్రి 11:50

క్షమించండి, మధ్యలో వస్తున్నాను, అత్యవసరం. మా గుర్రం ఈ రాత్రి ఏడింటికి ఈనింది. పిల్ల లేచింది, పాలు తాగుతోంది. మాయ ఇంకా వేలాడుతోంది. గేదెకైతే రేపటికి పడిపోతుంది, ఆగమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. బరువుకు ఇటుక కట్టమంటున్నారు. ఏం చేయాలి?

స్టడ్‌ఫారం పాతకాపు | జనవరి 11, రాత్రి 11:54

ఇటుక కట్టవద్దు. లాగవద్దు. డాక్టర్‌ను ఇప్పుడే లేపండి.

అశ్వవైద్యురాలు | జనవరి 12, రాత్రి 12:03

తెల్లవారే దాకా ఆగడానికి లేదు. పిల్ల గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. గేదె లెక్క గుర్రానికి పనికిరాదు. మూడు గంటలు దాటితే అత్యవసరమే, మీకు దాదాపు అయిదు గంటలయ్యాయి. లాగితే, బరువు కడితే మాయ తెగి లోపల ముక్క మిగులుతుంది. రక్తస్రావం కావచ్చు, గర్భకోశమే తిరగబడి బయటికి రావచ్చు. వేలాడుతున్న మాయను మోకాళ్ల కన్నా పైకి మడిచి ముడి వేయండి, గుర్రం తొక్కకుండా ఉంటుంది.

డాక్టర్‌తో ఆక్సిటోసిన్ గురించి మాట్లాడండి. తక్కువ మోతాదు, సెలైన్‌లో కాని విడివిడిగా కాని. యాంటీబయాటిక్, ఫ్లునిక్సిన్ (వాపు, నొప్పి తగ్గించే మందు), ధనుర్వాతం టీకా విషయం కూడా అడగండి. గర్భకోశంలో కుళ్లు మొదలైతే ఆ విషం రక్తంలోకి చేరి గిట్టల లోపలి పొరలు వాస్తాయి. దాన్నే లామినైటిస్ అంటాం. ఈనిన గుర్రం మాయ వల్ల చనిపోవడం కన్నా, ఇలా కాళ్లు పోగొట్టుకోవడమే ఎక్కువగా చూశాను. గిట్టలు పట్టి చూడండి, వేడిగా ఉన్నా లేకపోయినా ఐసు తెప్పించి పెట్టుకోండి.

కర్నూలు రౌతు | జనవరి 12, మధ్యాహ్నం 12:30

డాక్టర్ గారు రాత్రి రెండింటికి వచ్చారు. ఆక్సిటోసిన్ ఎక్కించాక తెల్లవారుజామున మాయ పడింది. పాతకాపు గారూ, మీరు ఫోనులో చెప్పినట్టే సిమెంటు గచ్చు మీద నీళ్లు చల్లి దాన్ని పరిచాం. రెండు కాళ్ల పైజామాలా ఉంది. ఒక కాలు పొడవు, లావు, చివర మొత్తంగా ఉంది. చిన్న కాలు చివర మాత్రం అరచేయి పట్టేంత మేర చిరిగి, అంచు గరుకుగా ఉంది. ఆ ముక్క లోపలే ఉండి ఉంటుందని డాక్టర్ గారు సెలైన్‌తో కడిగారు. మూడోసారి కడిగినప్పుడు అది ఊడి వచ్చింది. రేపు, ఎల్లుండి కూడా కడగాలట. ముందు కాళ్లు ఐసు బకెట్లలో పెట్టాం. జ్వరం 101 ఉంది. పిల్లకు బాగానే ఉంది. రాత్రి మీరంతా మేలుకుని ఉండకపోతే తెల్లారే దాకా ఆగేవాళ్లం.

స్టడ్‌ఫారం పాతకాపు | జనవరి 12, మధ్యాహ్నం 1:05

ఆ చిన్న కాలునే చిన్న కొమ్ము అంటాం, దాని కొసే లోపల ఇరుక్కుంటుంది, చాలాసార్లు. పరచి చూడకుండా మాయను పాతిపెట్టకూడదు. జ్వరం రోజుకు రెండుసార్లు చూడు బాబూ, గిట్టల మీది నాడి కూడా. తగ్గిందని ఐసు ఆపవద్దు.

కర్నూలు రౌతు | జనవరి 15, రాత్రి 8:20

జ్వరం లేదు, నడక మామూలుగా ఉంది. ఒక సందేహం. ఈనాక వారం, పది రోజులకు వచ్చే తొలి ఎదలో దాటించాలని అనుకున్నాం. దాటించవచ్చా?

అశ్వవైద్యురాలు | జనవరి 15, రాత్రి 9:00

ఈ గుర్రానికి తొలి ఎద వదిలేయండి. మాయ సజావుగా పడి, ఎదలో నీరు లేకుండా ఉన్న గుర్రాలనే ఆ ఎదలో దాటించాలి. దాని గర్భకోశానికి కోలుకునే సమయం ఇవ్వండి, తరవాతి ఎదలో స్వాబ్ తీయించి చూడండి.

న్యూమార్కెట్ ప్రవాసి | జనవరి 18, సాయంత్రం 4:10

ఇంగ్లండ్‌లో న్యూమార్కెట్ దగ్గర ఒక స్టడ్‌లో పనిచేస్తున్నాను, సొంతూరు ఒంగోలు. మగగుర్రం బాగానే ఉందని, దాని వల్ల వేరే గుర్రాలు చూడి కట్టాయని ఇక్కడ ఎవరూ తృప్తి పడరు. 1977లో ఇక్కడ జరిగింది అందరికీ గుర్తే. దాటించిన కొద్ది రోజులకే ఆడగుర్రాల నుంచి ధారగా తెల్లటి స్రావం, ఒక గుర్రం నుంచి మరో గుర్రానికి. సీజన్ మధ్యలోనే దాటింపులు నిలిపివేయాల్సి వచ్చింది. మామూలు కల్చర్‌లో ఏమీ మొలవలేదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న వాతావరణంలో, రక్తంతో చేసిన ప్రత్యేక మాధ్యమంలో ఉంచితేనే ఆ జీవి కనిపించింది. ఇప్పుడు దాని పేరు టైలొరెల్లా ఈక్విజెనిటాలిస్, జబ్బు పేరు అంటు గర్భకోశ వాపు. 1978లో అమెరికాలోని కెంటకీలోనూ బయటపడింది.

మగగుర్రానికి ఏ లక్షణమూ ఉండదు. అది మోసుకు తిరుగుతుంది అంతే. అప్పటి నుంచి ఇక్కడ దాటింపుల కాలం మొదలయ్యే ముందు మగగుర్రాల స్వాబ్‌లు, ఆడగుర్రాల స్వాబ్‌లు ప్రయోగశాలకు వెళతాయి. కాగితం చేతికి రాకుండా గుర్రం దాటింపు గదిలోకి రాదు. క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలకు కూడా ఇదే కాగితం. మన ఊళ్లలో ఒక మంచి మగగుర్రం ఉందంటే చుట్టుపక్కల జిల్లాల నుంచి ఆడగుర్రాలను తోలుకొస్తారు. ఆ మగగుర్రం యజమానులు సీజన్ ముందు ఒక్కసారి స్వాబ్ చేయిస్తే ఎన్ని గుర్రాలు బాగుపడతాయో ఆలోచించండి. పరీక్ష అడిగితే యజమాని నొచ్చుకుంటాడని మనవాళ్లు అడగరు. అడగాలి.

నిర్మల్ మార్వాడీ | జనవరి 18, రాత్రి 9:30

ఇది వంద శాతం నిజం. దాటింపు డబ్బు ఇచ్చేవాళ్లం మనం, అడిగే హక్కు మనది. మా ప్రాంతంలో నలుగురం కలిసి అడగబోతున్నాం.

చేవెళ్ల గుర్రాలశాల | ఫిబ్రవరి 6, రాత్రి 8:45

ఆలస్యంగా రాస్తున్నాను, ఫలితాలన్నీ వచ్చేదాకా ఆగాను. ఎద మొదలైన రెండో రోజు స్వాబ్ తీయించి పశువైద్య కళాశాల ప్రయోగశాలకు పంపాం. స్ట్రెప్టోకాకస్ జూఎపిడెమికస్ వచ్చింది. గాజు పలక మీద తెల్ల రక్తకణాలు చాలా ఉన్నాయి. పెన్సిలిన్‌కు లొంగుతుందని రాశారు. బయాప్సీ (గర్భకోశం లోపలి పొర ముక్క తీసి చేసే పరీక్ష) కూడా తీశారు, రెండో తరగతి, అందులో ఏ అని నివేదిక. అండాశయాలు బాగున్నాయి. బయాప్సీ మాట వినగానే భయపడ్డాను, ఈ తరగతి అంటే ఆశ ఉందా డాక్టర్ గారూ? ఇంట్లోవాళ్లు వయసు ఎక్కువైంది, బికనీర్‌లో పిండ మార్పిడి (పిండాన్ని తీసి మరో ఆడగుర్రం కడుపులో పెట్టడం) చేస్తున్నారట, అక్కడ అడగమంటున్నారు.

అశ్వవైద్యురాలు | ఫిబ్రవరి 6, రాత్రి 10:15

ఆశ ఉంది. కెన్నీ అనే పశువైద్యుడు 1978లో పెట్టిన తరగతులు ఇవి, తరవాత సవరించారు. మొదటి తరగతి అంటే పొర దాదాపు మామూలుగా ఉన్నట్టు. రెండో తరగతి ఏ అంటే వాపు, మచ్చ కణజాలం కొద్దిగా ఉన్నాయి, సరైన నిర్వహణ ఉంటే ఈనే అవకాశం 50 నుంచి 80 శాతం. రెండో తరగతి బీ అయితే 10 నుంచి 50. మూడో తరగతి అయితే 10 కన్నా తక్కువ. ఆ చివరి తరగతిలో మచ్చ కణజాలం గర్భకోశ గ్రంథులను విస్తారంగా చుట్టేసి ఉంటుంది, దాన్ని ఏ మందూ వెనక్కి తిప్పలేదు. మీ గుర్రం అక్కడ లేదు.

పిండ మార్పిడి సంగతి నిజమే. బికనీర్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ప్రాంగణంలో 2023లో ఆ పద్ధతిలో మార్వాడీ పిల్ల పుట్టింది. గర్భకోశం చెడిపోయి అండాశయాలు బాగున్న గుర్రానికి అది మంచి దారి. ముత్యానికి మాత్రం ఇప్పుడే అంత దూరం వెళ్లక్కర్లేదు. పైగా పిండం తీయాలన్నా దాటించాక వారం పాటు పిండం ఆ గర్భకోశంలోనే బతకాలి, కాబట్టి లోపలి వాపు తగ్గించడం ఎలాగూ తప్పదు.

ఈ ఎదలో దాటించవద్దు. సెలైన్‌తో కడిగి పెన్సిలిన్ లోపలికి వరుసగా కొన్ని రోజులు పెట్టించండి. ఎద ముగిశాక కాస్లిక్ కుట్టు. తరవాతి ఎదలో మళ్లీ స్వాబ్, శుభ్రంగా వస్తేనే దాటింపు.

పల్లెబాట పశువైద్యం | ఫిబ్రవరి 7, ఉదయం 7:00

బయాప్సీ తీస్తే గర్భకోశానికి హాని కదా అని యజమానులు అడుగుతారు. ఏం చెప్పాలి?

అశ్వవైద్యురాలు | ఫిబ్రవరి 7, ఉదయం 7:40

చిన్న ముక్క ఒకటి తీస్తాం, గుర్రానికి పెద్దగా నొప్పి తెలియదు, ఆ గాయం త్వరగా మానుతుంది. చూడితో లేదని ముందు రూఢి చేసుకోవాలి. అదొక్కటే తప్పనిసరి జాగ్రత్త. ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేసి, నివేదిక రాసేవారికి గుర్రం వయసు, ఈతలు, ఎద ఏ దశలో ఉందో రాసి పంపండి.

చేవెళ్ల గుర్రాలశాల | మార్చి 13, రాత్రి 9:20

కుట్టు అతుక్కుంది, గాలి చప్పుడు పూర్తిగా పోయింది. ఈ ఎదలో స్వాబ్ శుభ్రంగా వచ్చింది. ఫాలికిల్ 38 ఉన్నప్పుడు ఇంజక్షన్ ఇచ్చి, మర్నాడు ఒక్కసారే దాటించాం. కుట్టు కింది చోటు సరిపోదని మా డాక్టర్ అతుకును కింద కొద్దిగా తెరిచి, తరవాత మళ్లీ కుట్టారు. ఆరు గంటల తరవాత స్కాన్‌లో రెండు సెంటీమీటర్లకు పైగా నీరు కనిపించింది. ముందే చెప్పి ఉన్నారు కాబట్టి కంగారు పడలేదు. రెండు లీటర్లతో కడిగారు, రెండోది దాదాపు తేటగా వచ్చింది. ఆక్సిటోసిన్ రెండు విడతలు. రాత్రి పొలం గట్ల వెంట నేనే నడిపించాను. మర్నాడు స్కాన్‌లో అండం విడుదలైంది, నీరు లేదు.

స్టడ్‌ఫారం పాతకాపు | మార్చి 13, రాత్రి 9:50

సంతోషం బాబూ. పద్నాలుగు, పదిహేను రోజులకు స్కాన్ తప్పించవద్దు. కవలలు ఉంటే పదహారో రోజు లోపే ఒకదాన్ని తొలగించాలి, ఆ తరవాత రెండూ ఒకే చోట అంటుకుంటే పని కష్టమవుతుంది.

చేవెళ్ల గుర్రాలశాల | మార్చి 27, సాయంత్రం 6:30

ఒక్క పిండమే ఉంది. పక్కన నీరు లేదు.

న్యూమార్కెట్ ప్రవాసి | మార్చి 27, రాత్రి 11:15

ఎంత మంచి కబురు! ఇక్కడ మా శాలలో అందరికీ చెప్పాను.

అశ్వవైద్యురాలు | మార్చి 28, ఉదయం 6:20

చాలా సంతోషం. ఇక ముందు ఏం చూడాలో చెబుతాను. పాతికో రోజున గుండె కొట్టుకోవడం కనిపించాలి. 35వ రోజుకు ముందు మరోసారి చూడండి. ఆ సమయంలో గర్భకోశంలో ఎండోమెట్రియల్ కప్పులు (హార్మోన్ తయారుచేసే కణాల గుంపులు) ఏర్పడతాయి, ఆ తరవాత పిండం పోయినా గుర్రం మూడు, నాలుగు నెలలు సరిగా ఎదకు రాదు, సీజన్ చేజారిపోతుంది. వయసు మీరిన గుర్రం కాబట్టి అయిదో నెల నుంచి మాయ మందం కూడా స్కాన్‌లో చూపించండి. ముఖద్వారం గుండా సూక్ష్మజీవులు ఎక్కితే మాయ వాస్తుంది, పొదుగు వేళకు ముందే చేస్తుంది. పొదుగు తొందరగా చేస్తే అదే రోజు ఫోను చేయండి.

సుమారు 340 రోజులు లెక్క వేస్తే ఈనేది వచ్చే ఫిబ్రవరి మధ్యలో. జనవరి చివరి వారంలో కాస్లిక్ కుట్టు తప్పక తెరిపించాలి. తెరవకపోతే పిల్ల బయటికి వచ్చేటప్పుడు మానం అడ్డదిడ్డంగా చిరుగుతుంది. ఈనాక మళ్లీ కుట్టించాలి, ఆకారం మారదు కాబట్టి ప్రతి ఈతకూ ఇదే పని.

నిర్మల్ మార్వాడీ | మార్చి 28, ఉదయం 8:00

డాక్టర్ గారూ, మా దగ్గర ఇంకో ఆడగుర్రం ఉంది. పదకొండేళ్లు, ఎప్పుడూ దాటించలేదు. ముత్యానికి చేసినట్టే చేయిస్తే సరిపోతుందా?

అశ్వవైద్యురాలు | మార్చి 28, ఉదయం 8:35

అదే పద్ధతి గుడ్డిగా వద్దు. దానికి మానం ఆకారం బాగుండి ముఖద్వారం బిగుసుకుని ఉండవచ్చు, అలాంటప్పుడు కుట్టు అక్కర్లేదు. ఎదలో ముఖద్వారం ఎంత తెరుచుకుంటోందో చేతితో చూడాలి. ఆక్సిటోసిన్ ఇచ్చినా తలుపు తెరుచుకోకపోతే నీరు దిగదు. ఎద రెండో రోజు స్వాబ్ తీయించి, వెనక నుంచి, పక్క నుంచి ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి.